పంచనామాకు ఐదుగురు కావాలా?

సందేహం: “పేకాట ఆడుతున్నారన్న సమాచారంతో పోలీసులు ఇంటిపై దాడి చేసి, తనిఖీ చేసి, సొమ్ము జప్తు చేసి, పంచనామా రాశారు” వంటి వాక్యాలు వార్తల్లో చూస్తుంటాం. దాడి, తనిఖీ, సోదా ఒకటేనా? పంచనామా అంటే ఐదుగురు సంతకం చేయాలా?

సమాధానం: ఐదుగురు అక్కర్లేదు. ‘పంచ’కు మూలం ఐదే, తగవు తీర్చే పెద్దలు ఐదుగురని వాళ్లను పంచులన్నారు. ‘నామా’ పారసీ మాట, రాతపత్రమని అర్థం. రాజీనామా, వీలునామాల్లో ఉన్నదీ అదే. వాడుకలో లెక్క జారిపోయి సాక్షి అన్న అర్థం నిలిచింది. పంచాయితీకి ఇప్పుడు ఐదుగురిని ఎవరు లెక్కపెడుతున్నారు గనక!

చట్టం అడిగేది కనీసం ఇద్దరిని. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 103వ సెక్షన్ (పాత నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీలో 100) ప్రకారం వాళ్లు ఆ ప్రాంతంలో ఉండేవాళ్లు, మర్యాదస్తులు, కేసుతో సంబంధం లేనివాళ్లు అయివుండాలి. అక్కడివాళ్లు దొరకకపోయినా, ఒప్పుకోకపోయినా వేరే చోటివాళ్లను పిలవవచ్చు. స్టేషన్‌కు అలవాటుపడ్డ సాక్షులే ప్రతి పంచనామాలోనూ తేలితే డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది అక్కడే. దొరికిన వస్తువుల జాబితా సాక్షుల ఎదుటే రాసి వాళ్ల చేత సంతకం చేయించాలి. ఇంటివాళ్లు దగ్గరుండి చూడవచ్చు, జాబితా నకలు తీసుకోవచ్చు. ఆడవాళ్ల ఒంటిమీద వెతకాల్సి వస్తే మరో మహిళే, మర్యాదకు భంగం లేకుండా వెతకాలి. ఇప్పుడు 105వ సెక్షన్ కింద సోదానూ, జాబితా రాసి సంతకాలు పెట్టించడాన్నీ వీడియో తీయడం తప్పనిసరి, సెల్‌ఫోన్ చాలు.

ఇక తనిఖీ. రికార్డులు, వాహనాలు, లైసెన్సులు నిబంధన ప్రకారం ఉన్నాయో లేదో చూడటం తనిఖీ. నేరానికి సంబంధించిన వస్తువు కోసం ఒకరి ఇంట్లో వెతకడం సోదా. తనిఖీకి నేరం జరిగిందన్న అనుమానం అక్కర్లేదు. సోదాకు ఆధారం కావాలి. అందుకే పేకాట కేసులో ‘తనిఖీ’ నాకు సరిపోని మాటగా తోస్తుంది.

‘దాడి’తో చిక్కు వేరు. శీర్షికలో పొట్టిగా కుదురుతుంది, ఏసీబీ దాడులని జనం నోట నలిగింది కూడా. కాని అసలు విషయం దాని కింద కప్పబడిపోతుంది: లోపలికి ఏ అధికారంతో వెళ్లారు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జూదగృహాల సోదాకు 1974 నాటి గేమింగ్ చట్టం 5వ సెక్షన్ ఆధారం. దాని ప్రకారం జరిగిన సోదాలో ముక్కలు, పాచికల వంటివి దొరికితే, ఆట ఎవరూ కళ్లారా చూడకపోయినా, అది జూదగృహమనీ, అక్కడున్నవాళ్లు ఆడటానికే వచ్చారనీ 6వ సెక్షన్ కింద కోర్టు భావించవచ్చు. కాదని చూపించాల్సిన బరువు నిందితుడి మీద పడుతుంది. ప్రవేశం 5వ సెక్షన్‌కు తగినట్టు లేకపోతే ఆ ఊహ ప్రాసిక్యూషన్‌కు అక్కరకు రాదు, ఆడారని విడిగా రుజువు చేసుకోవాలి. అలాగని సోదాలో లోపం ఉంటే దొరికినవన్నీ చెల్లవనుకోవడం పొరపాటు. సోదా అక్రమమైనంత మాత్రాన సాక్ష్యాన్ని తోసిపుచ్చనక్కర్లేదని సుప్రీంకోర్టు 1973లో పూరణ్‌మల్ కేసులో చెప్పింది. లోపం వల్ల సాక్ష్యం బరువు తగ్గవచ్చు, అంతే.

వారంటు లేకుండా మామూలు దర్యాప్తులో సోదా చేసే అధికారి సంహిత 185వ సెక్షన్ కింద కారణాలు, వీలైనంతవరకు వెతికే వస్తువు వివరం ముందే రాసిపెట్టాలి. ఆ నకళ్లు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి.

జప్తు అని పోలీసు కాగితాల్లోనూ రాస్తారు, తప్పనను. అయితే బాకీ తీర్చనివాడి ఆస్తిని కోర్టు పట్టి ఉంచడం కూడా జప్తే కాబట్టి, పోలీసులు తీసుకున్నప్పుడు ‘స్వాధీనం’ అంటే అయోమయం ఉండదు. శిక్ష పడ్డాక ఆ సొమ్మును ప్రభుత్వపరం చేసేది కోర్టు.

మీరిచ్చిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “జూదం ఆడుతున్నారన్న సమాచారంతో పోలీసులు వారంటుతో ఇంట్లో సోదా చేసి, పేకముక్కలు, నగదు స్వాధీనం చేసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాశారు.” వారంటు ఉందో లేదో తెలియకపోతే ఆ మాట వదిలేయాలి, ఊహించి చేర్చకూడదు.