డాక్టర్ కాబోయే పిల్లకి రిజాల్ పాఠం ఎందుకు?

ప్రశ్న: మా చెల్లి ఎండీ (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) చేద్దామని ఫిలిప్పీన్స్ వెళ్లింది, ముందు అక్కడే బీఎస్ చదువుతోంది. బయాలజీ అంటే సరే, ఎథిక్స్ అంట, ఆర్ట్ అప్రిసియేషన్ అంట, పైగా రిజాల్ అని వాళ్ల రచయిత ఒకాయన మీద ఒక సబ్జెక్టు. ఇవన్నీ తగ్గించాలని అక్కడే వాదనలు జరుగుతున్నాయట. తగ్గిస్తేనే మంచిది కదండీ?

జవాబు: మంచిది కాదనే అంటాను. మీ బాధ మాత్రం అర్థమవుతోంది, ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు యూనిట్ (సబ్జెక్టుకిచ్చే క్రెడిట్) లెక్కన కట్టాలి కాబట్టి ఒక్కో సబ్జెక్టు ఇంట్లోవాళ్లకి ఖర్చే. 2017 చట్టంతో గవర్నమెంటు యూనివర్సిటీల్లో అక్కడి పిల్లలకి డిగ్రీ ట్యూషన్ ఫీజు పోయింది గానీ, తొందరగా చదువైపోయి ఉద్యోగంలో చేరితే చాలనుకునే ఇళ్లు వాళ్లలోనూ బోలెడు.

కాకపోతే ఈ తగ్గించడం ఇప్పుడు కొత్తగా మొదలైంది కాదు. 1996 రూల్స్ ప్రకారం జనరల్ ఎడ్యుకేషన్‌కి, అంటే ఏ డిగ్రీ అయినా అందరూ చదవాల్సిన ఇలాంటి సబ్జెక్టులకి, హ్యుమానిటీస్ వాళ్లయితే 63 యూనిట్లు, మిగతావాళ్లయితే కనీసం 51 చదవాలి. అప్పట్లో స్కూలు పదేళ్లే, అక్కడ మిగిలిపోయింది కాలేజీలో చెప్పేవారు. 2013లో స్కూలుకి రెండేళ్లు కలిపి సీనియర్ హైస్కూల్ పెడుతూ చట్టం చేశారు, అదే ఏడు ఉన్నత విద్య చూసుకునే కమిషన్ (అక్కడందరూ చెడ్ అంటారు) ఈ యూనిట్లని 36కి దించింది, బేసిక్స్ ఇక స్కూల్లోనే అయిపోతాయి కదా అని. ఎనిమిది కోర్ సబ్జెక్టులు, మూడు ఎలెక్టివ్‌లు, ఒక రిజాల్, మీ చెల్లి చదివేది ఇదే. 2018లో సీనియర్ హై నుంచి మొదటి బ్యాచ్ బయటికొచ్చాక అమల్లోకి వచ్చింది. మధ్యలో రెండేళ్లు కాలేజీలకి కొత్త పిల్లలే సరిగా రాక ఈ సబ్జెక్టులు చెప్పే లెక్చరర్లు ఎంతోమంది పని పోగొట్టుకున్నారు, యూనిట్ల లెక్కల్లో వాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఇప్పుడు చూడండి, 2025లో ఆ సీనియర్ హైలోనే కొన్ని స్కూళ్లలో ట్రయల్‌గా 15 కోర్ సబ్జెక్టుల్ని 5కి కుదించారు. ఆ ఐదులో చరిత్ర ఉంది, ఒప్పుకుంటాను. కానీ స్కూల్లో చెప్తారు కదా అని కాలేజీలో తీసి, ఆ తర్వాత స్కూల్లోనూ తగ్గించి, మళ్లీ కాలేజీలో ఇంకా తీసేద్దామంటే ఆ పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలండీ? నా గొడవంతా ఇదే. 36 అనే అంకె మీద నాకేం పట్టింపు లేదు, తీసే ముందు కింద క్లాసులో అది నిజంగా చెప్తున్నారా లేదా అని చూసి తియ్యండి అంటున్నా.

ప్రశ్న: వాళ్ల సొంత భాషనే కాలేజీ నుంచి తీసేశారని విన్నాను, నిజమా?

జవాబు: కంపల్సరీ లిస్టులోంచి తీసేశారు, నిజమే. ఫిలిపినో భాష, దాని సాహిత్యం రెండూ ఆ 2013 ఆర్డర్‌తోనే పోయాయి. లెక్చరర్లూ స్టూడెంట్లూ 2014లో టంగ్గోల్ వికా అని ఒక్కటయ్యారు, భాషని కాపాడుకుందాం అని దానర్థం. వాళ్లు కోర్టుకెళ్తే 2015లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, 2018 తీర్పులో మాత్రం ఆర్డర్ రాజ్యాంగానికి వ్యతిరేకం కాదంది, ఇవి కనీస సబ్జెక్టులే, కావాలనుకున్న యూనివర్సిటీ ఫిలిపినో కలుపుకోవచ్చు అంది. కలుపుకోవచ్చు అంటే వినడానికి బాగానే ఉంటుంది, కానీ లెక్చరర్‌కి జీతమివ్వాలి, పిల్లల దగ్గర అదనపు ఫీజు తీసుకోవాలి, కంపల్సరీ కానిదానికి ఎంతమంది ముందుకొస్తారు? మాతృభాష పేపరు ఆప్షనల్ అయితే ఏమవుతుందో తెలుగువాళ్లకి నేను విడిగా చెప్పాలా.

ప్రశ్న: మరి ఆ రిజాల్ సంగతి?

జవాబు: దాన్ని చెడ్ తన ఆర్డర్‌తో తియ్యడానికి వీల్లేదు, ఎందుకంటే అది 1956 నాటి చట్టం. సెనేటర్ క్లారో రెక్టో పట్టుబట్టి తెచ్చాడు, చర్చి గట్టిగా ఎదిరించింది, ఎందుకంటే హోసే రిజాల్ రాసిన రెండు నవలలూ స్పానిష్ ఫ్రయర్ల (క్రైస్తవ సన్యాసుల) పెత్తనాన్ని ఎండగట్టినవి. ఆయన్ని 1896లో స్పెయిన్ వాళ్లు కాల్చి చంపారు. అన్నట్టు ఆయన కంటి డాక్టరు, మీ చెల్లికి ఇది చెప్పండి.

మొదటి నవల నోలీ మీ టాంగెరేలో మొదట్లోనే ఒక విందు ఉంటుంది. టినోలా అని కోడిపులుసు వడ్డిస్తారు, ఫాదర్ దామాసో పళ్లెంలో మెడ ముక్కా రెక్కా పడతాయి, మంచి ముక్కలేమో యూరప్ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు ఇబార్రాకి వెళ్తాయి. ఫాదర్ పులుసులో కాయ ముక్కల్ని చిదిమేసి, కాస్త తాగి, చెంచా ఠంగుమని పడేసి పళ్లెం అవతలికి తోస్తాడు. ఊరి మీద ఎవరి అధికారం ఎంతో, ఆ అధికారం ఎంత చిన్నదానికి కూడా అలుగుతుందో ఆ ఒక్క పళ్లెంలో తెలిసిపోతుంది. పరీక్షకి పుట్టిన తేదీ, చచ్చిన తేదీ బట్టీ పట్టిస్తే ఎవరికైనా విసుగే, ఆ క్లాసుల మీద అక్కడి పిల్లలు చేసే ఫిర్యాదులో న్యాయం ఉంది. మీ చెల్లిని గైడు పక్కన పెట్టి, ఇంగ్లీషు అనువాదం తీసుకుని ఆ విందు దగ్గర్నుంచి చదవమనండి.