పెద్ద పాఠాన్ని టేబుల్‌లో పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత కథలన్నీ ఒకచోట చేరుస్తున్నావని చదివి సంతోషించాను. కథ పేరు, రచయిత, సారాంశం, పూర్తి పాఠం అన్నీ డేటాబేస్‌లో ఒకే టేబుల్‌లో పెట్టవచ్చా అని అడిగావు. ముందు నీ పాఠం ఎన్ని బైట్లో (బైటు అంటే కంప్యూటర్ నిల్వకు చిన్న కొలత) తెలుసుకోవాలి.

అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తూ, పొల్లూ విడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరమే, డిస్కు మీద 18 బైట్లు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టెక్స్ట్ అనే కాలమ్ రకం పట్టేది 65,535 బైట్లు. అంటే తెలుగులో 21,845 గుర్తులు. పెద్ద కథ దీన్ని సులువుగా దాటుతుంది. హద్దు దాటినదాన్ని తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మిగిలినది కత్తిరించి, ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. అలా ముగింపు పోయిన కథలను నేను చూశాను. ఆ బాధ నీకు వద్దు. అక్కడైతే ఇంకా పెద్ద రకమైన మీడియంటెక్స్ట్ పెట్టు, వరుసకు ఒక్క బైటు అదనం, అంతే.

నువ్వు పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వైపు మొగ్గుతున్నావు కాబట్టి అసలు విషయం చెబుతాను. అందులో పేజీ, అంటే డిస్కు నుంచి ఒకసారి చదివే ముక్క, 8 కేబీ (కేబీ అంటే 1,024 బైట్లు). వరుస సుమారు 2 కేబీ దాటితే పొడవైన పాఠాన్ని కుదిస్తుంది. అప్పటికీ ఇమడకపోతే ముక్కలుగా పక్క టేబుల్‌లోకి తరలించి, వరుసలో చిరునామా మాత్రమే ఉంచుతుంది. దాన్నే టోస్ట్ అంటారు. కాబట్టి పూర్తి కథ గురించి నీకు దిగులక్కర్లేదు. నన్ను భయపెట్టేది నీ సారాంశం. 500 గుర్తుల సారాంశం 1,500 బైట్లు. ఆ 2 కేబీ హద్దు దాటదు, కనుక వరుసలోనే కూర్చుంటుంది. అప్పుడు పేజీకి ఐదు వరుసలే పడతాయి. అది లేకపోతే అరవై దాకా పట్టేవి. కథల జాబితా చూపించిన ప్రతిసారీ ఆ బరువంతా చదవాలి. పైగా చదివినవారి సంఖ్య కూడా అదే వరుసలో ఉందనుకో, ఒకటి పెరిగినప్పుడల్లా పోస్ట్‌గ్రెస్ సారాంశంతో సహా వరుసంతా కొత్తగా రాస్తుంది.

అందుకే సారాంశాన్ని కథ సంఖ్యతో వేరే టేబుల్‌లో పెట్టు, చదివినవారి సంఖ్యను ఇంకోదానిలో. జాబితా అడిగేటప్పుడు కావలసిన కాలమ్‌ల పేర్లే రాయి. అన్ని కాలమ్‌లూ కావాలని చెప్పే నక్షత్రం గుర్తు (*) పెడితే పక్క టేబుల్‌లోని కథలన్నీ విప్పుకుని వస్తాయి. ఒకే కథ రెండుసార్లు చేరకుండా పాఠం మీద నేరుగా యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండోసారి రానివ్వని సూచిక) వేయకు, అంత పొడవు అందులో పట్టదు. పాఠానికి హ్యాష్ (పాఠం నుంచి లెక్కించే చిన్న గుర్తింపు సంకేతం) తీసి దాని మీద వేయి.

ఇప్పుడు చేతిలో ఉన్న కథల మీద బైట్లు లెక్కపెట్టే ఆక్టెట్_లెంగ్త్ నడిపించు. సారాంశాల్లో అతి చిన్నది, అతి పెద్దది, సగటు నాకు రాసి పంపు. అవి చూశాక టేబుళ్ల గీత కలిసి గీద్దాం.

నీ మామయ్య