కొలత టేపు పట్టుకునే ముందు

తెనాలి

అమ్మలూ,

లండన్‌లో బాలే కంపెనీ వార్డ్‌రోబ్‌లో, అదే డాన్సర్ల బట్టలు కుట్టే విభాగంలో, నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, ఇది కూడా నీ దారే పట్టింది" అంటుంటే వాడికి గొంతు పూడుకుపోయింది. నాకూ అంతే. 26 ఏళ్ళు అదే ఊళ్ళో అదే పని చేశాను కాబట్టి నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే రాస్తున్నా, దగ్గర పెట్టుకో.

నువ్వు చేరేది ఆగస్టులో. డాన్సర్లు అప్పుడే వేసవి సెలవుల నుంచి తిరిగొస్తారు. చూసేవాళ్ళకి సీజన్ తెర లేచిన రోజు మొదలవుతుంది. మనకి ఆ సోమవారం పొద్దునే మొదలు. స్టోర్ లోంచి పెట్టెలు దిగుతాయి. పోయినేడు మడిచిపెట్టిన బట్టల్లో ఎలాస్టిక్ సాగిపోయి ఉంటుంది, హుక్కులు వంగి ఉంటాయి, నెట్ వాడిపోయి ఉంటుంది. ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టుకుని చూడాలి. ఆ పని విసుగనుకోకు. పాత బట్ట విప్పి చూస్తేనే నీకంటే ముందు కుట్టినవాళ్ళ చెయ్యి తెలుస్తుంది.

మొదటి వారంలోనే ఒక రోజు మీ వార్డ్‌రోబ్ పెద్దావిడని అడిగి పొద్దుటి క్లాసుకి వెళ్ళి ఓ మూల కూర్చో. ఎంత పేరున్న డాన్సరైనా రోజూ గోడవారనున్న కడ్డీ పట్టుకుని మోకాళ్ళు వంచే దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. కచేరీలు చేసే విద్వాంసులు ఇంట్లో సరళీ వరసలు వదలనట్టు. పియానో ఆయన వాయిస్తుంటాడు, వీళ్ళు చేస్తుంటారు, ఒక్కరూ మాట్లాడరు. నువ్వు డాన్సు చూడొద్దు, కుట్టుపని దాని కళ్ళతో చూడు. ఎవరి కుడి భుజం ఎడమ దానికంటే పైకుంది? చెయ్యెత్తితే ఎవరి పక్కటెముకలు బాగా విప్పుకుంటాయి? ఎవరు మడమకి పట్టీ కట్టుకుని ఒక కాలి మీదే బరువు మోపుతున్నారు? ఇవేవీ కొలతల కార్డులో ఉండవు.

ఇక అసలు విషయం. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు.

సెలవుల తర్వాత మొదటి ఫిట్టింగుల్లో అందరి కొలతలూ మళ్ళీ తీసుకుంటారు. అయిదారు వారాల్లో ఒళ్ళు మారుతుంది. దెబ్బ తగిలి మంచం మీద ఉన్నవాళ్ళకి తొడ సన్నబడుతుంది, ఈత కొట్టొచ్చిన అబ్బాయికి భుజాలు విప్పారతాయి, బిడ్డను కని తిరిగొచ్చిన అమ్మాయికి నడుమే వేరుగా ఉంటుంది. అది మనకి మామూలు. వాళ్ళకి కాదు. వాళ్ళు పదేళ్ళ వయసు నుంచీ అద్దం ముందు పెరిగినవాళ్ళు. నీ టేపు వాళ్ళ నడుముకి తగలగానే ఊపిరి బిగబడతారు, నీ వేళ్ళకే తెలుస్తుంది.

నేను చేరిన రెండో ఏడు ఓ పిల్ల నడుము కొలిచి, రాసుకునే ఆవిడకి వినపడాలని గట్టిగా చెప్పాను. పైగా పోయినేటి కార్డు చూసి, "ఇంచిన్నర పెరిగింది" అన్నాను. గదిలో ఇంకో నలుగురు డాన్సర్లున్నారు. ఆ పిల్ల ఏమీ అనలేదు, నవ్వి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం క్యాంటీన్లో ఆ పిల్ల ముందు కాఫీ కప్పు తప్ప పళ్ళెం చూడలేదు. నేను చూశాను, నాకు తెలుసు ఎందుకో. వెళ్ళి క్షమించమని అడిగాను. "మీ తప్పేం లేదండీ" అంది, అంత మర్యాదస్తురాలు. నా తప్పే. ఇన్నేళ్ళయినా ఆ కప్పు నా కళ్ళ ముందే ఉంది.

అందుకని చెప్తున్నా. అంకె పైకి చదవొద్దు. నువ్వే కొలిచి నువ్వే రాసుకో, లేదా రాసే మనిషిని పక్కనే నిలబెట్టుకుని టేపు ఆ రాసే మనిషికే చూపించు. పాత కార్డు ఆ మనిషి ముందు తియ్యొద్దు. బిగుతుగా ఉంటే "జాకెట్టు వదులు చెయ్యాలి" అను, అంతే. "చిక్కిపోయావే" అని మెచ్చుకోలుగా కూడా అనొద్దు. మన ఇళ్ళల్లో అది ప్రేమతో అనే మాట. అక్కడ దాన్నే పట్టుకుని ఇంకా చిక్కిపోయే పిల్లలుంటారు. ఒంటికి బట్ట సరిపోలేదంటే సరిచేయాల్సింది బట్టనే. మన జీతం అందుకే.

కొలిచేటప్పుడు ఊపిరి నిండా పీల్చమని ఛాతీ కొలువు, వదిలాక మళ్ళీ కొలువు. ఫిట్టింగులో మనిషిని బొమ్మలా నిలబెట్టొద్దు. చేతులెత్తమను, వెనక్కి వంగమను, ఎగరమను. చేతులెత్తితే జాకెట్టు పైకి లేస్తే అది చంక దగ్గర కోత తప్పు. అబ్బాయిల కోటులకి చంకల కింద సాగే గుడ్డ ముక్క వేస్తారు, అది ఉందో లేదో చూసుకో. జంటగా ఆడేవాళ్ళ నడుము దగ్గర పూసలూ రాళ్ళూ కుట్టనివ్వకు. అబ్బాయి చేతులు అక్కడే పడతాయి, పైకెత్తేదీ అక్కడే పట్టుకుని. డిజైనర్ బొమ్మలో ఎంత అందంగా ఉన్నా సరే, ఆ చోటు మాత్రం నున్నగా ఉండాలని మర్యాదగా చెప్పు. మొదట్లో నీ మాట వినకపోవచ్చు. ఒక్కసారి రిహార్సల్లో అతని అరచెయ్యి గీసుకున్నాక వింటారు, కానీ అందాకా ఎందుకు రానివ్వాలి?

టుటులంటే నడుము చుట్టూ పళ్ళెంలా నిలబడే గౌన్లు. పదీ పన్నెండు వరసల నెట్, ఒక్కో వరసా చేత్తో కుచ్చు పట్టి కుట్టాలి. వాటిని తలకిందులుగా వేలాడదియ్యి, లేకపోతే నెట్ కిందికి వాలిపోతుంది. ఊరికే ఉతకలేం. చెమట వాసనకి నీళ్ళు కలిపిన వోడ్కా లోపలివైపు చిలకరించి ఆరబెడతారు, కంగారు పడకు. వెనక హుక్కులు రెండు మూడు వరసలుంటాయి, ఒకే గౌను ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి వేసుకుంటారు కాబట్టి. లోపల చూస్తే పేర్ల పట్టీలు ఒకదాని కింద ఒకటి కుట్టి ఉంటాయి, కొన్నిటి మీద రిటైరయిపోయినవాళ్ళ పేర్లు. అవి ఊడదీయకు.

ఇది చూసినప్పుడల్లా నాకు మీ తాతయ్యే గుర్తొచ్చేవాడు. పద్యనాటకాల వాళ్ళకి కుట్టేవాడు కదా, కృష్ణుడి అంగరఖా లోపల రెండు వైపులా మూడేసి వేళ్ళ గుడ్డ వదిలేవాడు. "ఇవాళ్టి కృష్ణుడు సన్నంగా ఉన్నాడమ్మా, రేపటివాడు ఎలా ఉంటాడో" అనేవాడు. లండన్‌లో మా పెద్దావిడ నా మొదటి కుట్టు తిరగేసి చూసి, లోపల అంత గుడ్డ వదలడం ఎక్కడ నేర్చుకున్నావంది. మా నాన్న దగ్గరన్నాను. నువ్వూ ఆ చేతి కిందే పెరిగావు, బెదరకు.

బూట్ల గది వేరు, అక్కడ నీకు పని తక్కువే. కానీ వెళ్ళి చూడు. డాన్సర్ల పేర్లు రాసిన గూళ్ళల్లో పాయింట్ షూస్ ఉంటాయి. మునివేళ్ళ మీద నిలబడేది వాటితోనే. లోపల ఇనుమూ చెక్కా ఏం ఉండవు, గుడ్డా కాగితం అట్టా జిగురూ కలిపి గట్టిపరిచిందే. కుడీ ఎడమా తేడా ఉండదు. 1929లో మొదలైన ఫ్రీడ్ ఆఫ్ లండన్ వాళ్ళవి చేత్తో చేసినవే, చేసినవాడి గుర్తు అట్ట మీద అచ్చు వేసి ఉంటుంది. డాన్సర్ తన పనివాడి మొహం ఎన్నడూ చూడకపోయినా ఆ గుర్తున్న జోడే కావాలంటుంది. ఒక్క ప్రదర్శనకే మెత్తబడిపోయే జోళ్ళవి. రిబ్బన్లు వాళ్ళే కుట్టుకుంటారు, ఎవరి లెక్క వారిది. సాయం చేద్దామని చెయ్యి పెట్టకు. నడవల్లో కూర్చుని బూట్లు నేలకేసి కొడుతుంటే గొడవనుకోకు, స్టేజీ మీద టకటకలు రాకుండా మెత్తబరుస్తున్నారు.

రంగు గురించి నువ్వు నోరు విప్పాలి. డబ్బా మీద "స్కిన్ కలర్" అని ఉంటే ఎవరి స్కిన్ అని అడుగు. నల్లజాతి డాన్సర్లు ఏళ్ళ తరబడి గులాబీ రంగు బూట్ల మీద మొహానికి వేసే రంగు పూసుకుని తమ ఒంటి ఛాయకి తెచ్చుకునేవారు, ప్రతి జోడుకీ, ప్రదర్శన ముందు. లండన్‌లోని బ్యాలే బ్లాక్ కంపెనీ, ఫ్రీడ్ వాళ్ళు కలిసి గోధుమ రంగు, కంచు రంగు పాయింట్ షూస్ తెచ్చింది 2018లో. నేను ఆ జోడు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. భుజాల మీద వేసే సన్న నెట్ కూడా అంతే, ప్రతి మనిషి ముంజేతి పక్కన పెట్టి చూసి అద్దకం వెయ్యి.

మనకీ ఆ ప్రపంచానికీ ఏం సంబంధమని ఎవరైనా అంటే, 1923లో కోవెంట్ గార్డెన్‌లో రష్యా బాలే డాన్సర్ అన్నా పావ్‌లోవా రాధగా, మన ఉదయ్ శంకర్ కృష్ణుడిగా ఆడారని చెప్పు. రుక్మిణీదేవి అరండేల్‌ని మన నాట్యం వైపు తిప్పింది కూడా ఆ పావ్‌లోవాయే.

చివరి వారం స్టేజీ మీద రిహార్సల్. అప్పటికి రెండుసార్లయినా పాత్రలు చేతులు మారి ఉంటాయి. సాయంత్రం బోర్డు మీద కొత్త పేరు కనిపిస్తే తిట్టుకోకు, ఎవరికో దెబ్బ తగిలిందని అర్థం. పక్క తెరల వెనక చీకట్లో గౌను మార్చే పని నీకిస్తే, ముందు రోజే ఆ అమ్మాయితో కలిసి వెలుతుర్లో మూడుసార్లు, కళ్ళు మూసుకుని మూడుసార్లు చేసి చూడు. దారం ఎక్కించిన సూదులు నాలుగు రంగుల్లో కొంగుకి కాదు, ఏప్రన్‌కి గుచ్చుకో. గుండుసూది బట్టలో వదిలెయ్యకు. లెక్కపెట్టి తీసుకెళ్ళు, లెక్కపెట్టి తెచ్చుకో.

స్టేజీ పక్కన నల్ల బట్టలే వేసుకోవాలి, ఒక నాలుగు జతలు కొనుక్కో. చప్పుడు కాని చెప్పులు. నా కత్తెర మీ నాన్నతో పంపిస్తున్నా, పోయిన నెలే సాన పట్టించాను, కాగితాలకి వాడకు. టేపు మాత్రం పంపట్లేదు. పాతవి సాగుతాయి, కొలత తప్పు చూపిస్తాయి. అక్కడికెళ్ళాక కొత్తది కొనుక్కో.

మీ అత్త