1990ల నాటి జపాన్ స్పోర్ట్స్ కారుకు హెడ్‌లైట్లు, ఇండికేటర్లు ఎల్ఈడీకి మార్పించుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: పాత జపాన్ స్పోర్ట్స్ కారు చేతికి వచ్చింది, రాత్రిపూట రోడ్డు సరిగ్గా కనిపించడం లేదు, ఏ ఎల్ఈడీ బల్బులు వేయించాలి, పనిలో పనిగా ఇండికేటర్లు కూడా మార్పించాలా? జవాబు ముందే చెప్పేస్తాను. ఎల్ఈడీ బల్బులు వద్దు, ఇండికేటర్ల జోలికి అసలే పోవద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హతల్లా ఆ రెండు పనులూ డబ్బు పెట్టి చేయించుకుని, మళ్లీ డబ్బు పెట్టి విప్పించుకోవడమే.

నా దగ్గరున్నది మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన ఈ కారును జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అనే పేరుతో అమ్మేవారు. మా మేనమామ అక్కడ ఉద్యోగం ముగించుకుని వస్తూ ఇంటి సామానుతో పాటు దీన్ని తెచ్చుకున్నారు. మోకాళ్ల నొప్పులు మొదలై, అంత కిందికి దిగి కూర్చోలేని పరిస్థితి వచ్చాక నాకు ఇచ్చేశారు. దీని హెడ్‌లైట్లు పగలంతా బానెట్‌లో మూసుకుని ఉండి, స్విచ్ వేస్తే పైకి లేస్తాయి. 1997తో ఆ తరం ముగిసింది. తరువాత వచ్చిన కార్లలో లైట్లను మామూలుగా ముందు బిగించేశారు. మా కాలనీ పిల్లలు దీన్ని కప్ప కారు అంటారు, నాకూ అభ్యంతరం లేదు.

ఇటువంటి కారుకు విడిభాగాలు దొరకవని అందరూ భయపెడతారు. అయితే ఆ కప్ప కన్ను లోపల ఉన్నది ఏడు అంగుళాల గుండ్రటి లైటు. అంబాసిడర్‌కు ఉన్నది అదే కొలత, జిప్సీకీ మహీంద్రా జీపుకూ అదే కొలత, బుల్లెట్ మోటారు సైకిలుకూ అదే. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో కొలత చెబితే చాలు, డూమ్ (ముందు అద్దం, వెనక మెరిసే గిన్నె కలిసిన లైటు) తీసి బల్లమీద పెడతారు. ఈ సంగతి తెలియక నేను ఇంటర్నెట్‌లో విదేశీ దుకాణాలన్నీ గాలించాను. అలా గాలించేవారికి ఒక హెచ్చరిక: రోడ్డుకు కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన లైటు అద్దం, డిప్ వెలుగును, అంటే ఎదుటివారి కోసం కిందికి దించిన వెలుగును, కుడి అంచున కాస్త పైకి విసురుతుంది. మన దగ్గర ఆ వెలుగు నేరుగా ఎదుటి వాహనం వాడి కళ్లలో పడుతుంది. జపాన్ కూడా మనలాగే ఎడమవైపు నడిచే దేశం కాబట్టి కారుతో వచ్చిన అసలు లైట్లకు ఆ దోషం లేదు, మన ఊళ్లో దొరికే డూమ్‌లకూ లేదు.

ఇక నేను చేసిన తప్పు. కారు అలంకరణ సామగ్రి అమ్మే ఒక దుకాణంలో, డబ్బా మీద 20,000 ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క) అని అచ్చువేసిన ఎల్ఈడీ బల్బుల జత కొన్నాను. ఇటువంటి లైట్లలో వేసే మామూలు హెచ్4 రకం హాలోజెన్ బల్బు నుంచి ప్రమాణం ప్రకారం రావలసింది డిప్‌లో 1,000 ల్యూమెన్లు, అప్పర్‌లో, అంటే దూరం చూపే వెలుగులో, 1,650 మాత్రమే. ఇరవై రెట్లు వెలుగును రెండున్నర వేల రూపాయలకు అమ్ముతున్న మనిషిని అనుమానించాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. బల్బు వెనక ఫ్యాను ఉండటం వల్ల లైటు వెనకవైపు రబ్బరు తొడుగు సరిగ్గా కూర్చోకపోతే, దుకాణంలోని కుర్రవాడు దాన్ని కత్తెరతో కోసి పెద్దది చేశాడు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

మూడో రోజు, డిసెంబరు చలిలో, తెల్లవారుజామున నాలుగున్నరకు హైదరాబాద్ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు బయలుదేరాను. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు సాగే ఆ రోడ్డుకు రెండు వైపులా పాత మర్రిచెట్లున్నాయి. కొన్నిచోట్ల పై కొమ్మలు కలిసిపోయి సొరంగంలో వెళ్తున్నట్లే ఉంటుంది. నేను డిప్‌లోనే వెళ్తున్నాను. మర్రి ఊడలు ఒక్కొక్కటీ సున్నం వేసినట్లు తెల్లగా, పై కొమ్మల దాకా కనిపిస్తుంటే పెట్టిన ప్రతి పైసాకూ ఫలితం దక్కిందనుకున్నాను. కారు ముందు పది పన్నెండు మీటర్లు పెళ్లిపందిరిలా వెలిగిపోతున్నా, దాని అవతల రోడ్డు మునుపటి కంటే చీకటిగా ఉందన్న విషయం మాత్రం నాకు తట్టలేదు.

ఎదురుగా తాండూరు బండల లోడుతో ఒక లారీ వచ్చింది. డ్రైవరు నాలుగైదు సార్లు డిప్పర్ కొట్టాడు. నేను డిప్‌లోనే ఉన్నాను కాబట్టి తప్పు నాది కాదనుకుని, నేనూ డిప్పర్ కొట్టి బదులిచ్చాను. అతను లారీని రోడ్డు మధ్యలోనే ఆపేసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నన్నూ ఆగమన్నాడు. తిట్లు తప్పవనుకుంటూ యాభై మీటర్ల దూరంలో ఆపి, లైట్లు వెలుగుతుండగానే దిగి వెళ్లాను. ఆయన తిట్టలేదు. "అన్నా, నువ్వొక్కపారి నా బండెక్కి కూసో. నీ లైట్లు నువ్వే చూడు" అని తలుపు తెరిచి, తాను పక్కకు జరిగాడు.

ఎక్కి కూర్చున్నాను. క్యాబిన్ నిండా అగరొత్తుల వాసన ఉంది. అక్కడి నుంచి చూస్తే కారు లేదు, రోడ్డు లేదు, మర్రిచెట్లూ లేవు. రెండు తెల్లని మంట ముద్దలున్నాయి, చుట్టూ ఉన్నదంతా నల్లటి గోడ. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి నా కారును దాటుకుని వచ్చింది, అది మా లారీ బంపరు పక్కకు చేరేదాకా నాకు కనిపించనే లేదు. "ఇగ సమజైంది గదా" అన్నాడు డ్రైవరు. ఆ రోజు అనంతగిరి చూడలేదు. చేవెళ్లలో ఒక టీ కొట్టు ముందు వెలుతురు వచ్చేదాకా కూర్చుని, వెనక్కి వచ్చేశాను.

ఎందుకలా జరిగిందో నాకు అర్థమయ్యేలా చెప్పింది నాంపల్లి దగ్గర చిన్న షెడ్డులో పనిచేసే ఒక పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆయన ఒక కాలిపోయిన హెచ్4 బల్బును వెలుతురుకు ఎదురుగా పట్టి చూపించారు. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. డిప్ ఫిలమెంటు కింద గోరంత రేకు దొన్నె ఒకటి ఉంటుంది. ఆ దొన్నె కిందికి పోయే వెలుగును అడ్డుకోవడం వల్ల డూమ్‌లోని పై సగం మాత్రమే వెలుగును తిప్పి రోడ్డు మీదకు దించుతుంది. అప్పర్ ఫిలమెంటుకు దొన్నె లేదు, అది డూమ్ మొత్తాన్ని వాడుకుంటుంది. ఈ ఏర్పాటంతా సన్నటి తీగచుట్ట సరిగ్గా ఒక బిందువు దగ్గర ఉంటుందన్న లెక్కతో చేసినది. నా ఎల్ఈడీ బల్బులో ఆ తీగ స్థానంలో ఒక పట్టీకి అటూ ఇటూ అతికించిన చదునైన చిప్పులున్నాయి. కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా డూమ్ లెక్క తప్పిపోతుంది, నేలమీద పడవలసిన వెలుగు చెట్లెక్కుతుంది. నేను మురిసిపోయిన మర్రి ఊడల అందం అదే.

దీనికి చట్టం కూడా ఉంది. హెడ్‌లైటు వెలుగు శాశ్వతంగా కిందికి వంగి ఉండాలని, ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన చెబుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ రాత్రి చూసినా ఈ నిబంధన ఒకటి ఉన్నట్లే అనిపించదు. లక్షలు పోసి కొన్న కొత్త బండికి, కంపెనీ ఇచ్చిన మంచి లైట్లు చాలవని బంపరు మీద మరో నాలుగు బిగించుకునేవారిని చూస్తే, ఒక్కొక్కరినీ ఆ లారీ క్యాబిన్‌లో పది నిమిషాలు కూర్చోబెట్టాలనిపిస్తుంది.

మరి పాత లైట్లు మసకగా ఎందుకున్నాయి? ఉస్తాద్ మీటరు తీసి కొలిచారు. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, బల్బు హోల్డరు దగ్గర 12.4. ముప్పై ఏళ్ల తీగలు, స్విచ్చిలోని నల్లబడిన కాంటాక్టులు, తుప్పుపట్టిన ఎర్త్ కలిసి దారిలో 1.7 వోల్టులు తినేస్తున్నాయి. పన్నెండు శాతమే కదా అనుకోకండి. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ కాస్త తగ్గినా వెలుగు అంతకంటే చాలా ఎక్కువగా పడిపోతుంది, నా లెక్కలో మూడో వంతుకు పైగా పోయింది. ఆయన బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి నేరుగా కొత్త తీగ లాగి, అప్పర్‌కు ఒకటి డిప్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చులు) పెట్టారు. పాత స్విచ్ ఇప్పుడు రిలేను లేపడానికే తప్ప బల్బుల కరెంటు మోయడానికి కాదు. బల్బులు మామూలు 60/55 వాట్ల (అప్పర్‌కు 60, డిప్‌కు 55) హాలోజెన్లే. హోల్డరు దగ్గర 13.7 వచ్చింది. డూమ్‌లు రెండూ కొత్తవి వేశాం. తీగ మార్చకుండా 100/90 వాట్ల బల్బులు వేయమని సలహా ఇచ్చేవారు మీకూ తగులుతారు. వారి మాట వింటే ముందు కరిగేది హోల్డరు, తరువాత స్విచ్.

సర్దుబాటు మాత్రం నేనే చేసుకున్నాను. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో గోడకు సరిగ్గా పది మీటర్ల దూరంలో కారు నిలిపి, లైటు మధ్యభాగం ఎంత ఎత్తున ఉందో గోడమీద సుద్దతో గీసి, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీశాను. డిప్ వెలుగు పై అంచు ఆ కింది గీత మీద నిలవాలి. డ్రైవరు సీటు ఖాళీగా ఉంచి సరిచేస్తే, ఇంత తేలిక కారులో మనిషి కూర్చోగానే అంతా మారిపోతుంది. నా బరువుకు సమానంగా 26 కిలోల సోనామసూరి బస్తాలు మూడు సీటులోకి ఎక్కించాను. మా వాచ్‌మన్ అవి దొంగ బియ్యమేమోనని అనుమానంగా చూశాడు. లైటు రింగును పట్టి ఉంచే స్క్రూలు వేరు, లైటును కదిలించే స్క్రూలు వేరు. మొదటివి తిప్పి లైటును ఒళ్లో వేసుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. మీ కారుకూ లేచే లైట్లే ఉంటే ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. నా కారులో ఒక్కో మోటారు మీద రబ్బరు మూత కింద ఒక బొడిపె ఉంటుంది. వానలో ఒక కన్ను మొరాయించినప్పుడు దాన్ని చేత్తో తిప్పి పైకి లేపుకోవచ్చు.

ఇండికేటర్ల కథ చిన్నది. నారింజ రంగు అద్దాలు తీసేసి తెల్ల అద్దాలు, ఎల్ఈడీ బల్బులు పెట్టించాను. 21 వాట్ల బల్బు తీసుకునే కరెంటు లేకపోయేసరికి, ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్, బల్బు మాడిపోయిందనుకుని పిచ్చిపట్టినట్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు మాత్రమే వెలిగి ఆరాలి. నాది లెక్కకు అందలేదు. దానికి విరుగుడుగా అదే దుకాణం వారు ఆరు ఓముల రెసిస్టర్లు బంపరు లోపల టేపుతో కట్టారు. అది తీసుకునే రెండు ఆంపియర్లూ వేడిగానే మారతాయి కాబట్టి, ఒక పొడవైన సిగ్నల్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చాక గానీ మెలకువ రాలేదు. కరెంటు ఆదా చేసే బల్బు కొని, ఆ ఆదాను కాల్చి పారేయడానికి ఇంకో పరికరం కొన్నానన్నమాట. నిజానికి అసలు ఇండికేటర్లలో ఉన్న లోపమల్లా ఎర్త్ స్క్రూ కింద తుప్పు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే మే నెల ఎండలో కూడా కనిపిస్తున్నాయి. అయినా కుడి ఇండికేటరు వేసి ఎడమకు తిరిగేవారు, నేరుగా పోతున్నామని చెప్పడానికి హజార్డ్ లైట్లు వేసేవారు, కాలు బయటపెట్టి మలుపు చూపించే ఆటో అన్నలు ఉన్న ఈ నగరంలో ఇండికేటరు ఎంత వెలిగితే ఏం లాభమన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కాబట్టి, వాహనంలో చేసే మార్పులకు సంబంధించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి అధికారితో వాదించే అవసరం రాకుండా తీసిన అసలు అద్దాలు పారేయకండి. నాకు మొత్తం ఖర్చు, రిలేలు, తీగ, డూమ్‌లు, బల్బులు, ఉస్తాద్ కూలీతో కలిపి, ఆ ఎల్ఈడీ జత ధర కంటే వెయ్యి రూపాయలే ఎక్కువ అయింది. ఆ ఎల్ఈడీ బల్బులు ఇప్పుడు మా వాచ్‌మన్ దగ్గరున్నాయి. కరెంటు పోయినప్పుడు పాత బ్యాటరీకి కలిపి సెల్లార్‌లో వెలిగిస్తాడు, చాలా బాగా వెలుగుతాయి.