స్టైపెండ్ సరే, మొదటి నలభై రోజులు ఎలా?

ప్రశ్న: ఇంటి దగ్గరే ఉంటూ ఫ్రీలాన్స్‌గా యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తున్నాను. ఒక పెద్ద కంపెనీలో 12 వారాల యూఎక్స్ (యాప్ వాడేవాళ్ల అనుభవం) డిజైన్ ఇంటర్న్‌షిప్ వచ్చింది, కానీ వేరే ఊళ్లో. స్టైపెండ్ ఇప్పటి నా సంపాదనలో ఐదింట నాలుగు వంతులే. చేతిలో రెండు నెలల సంపాదన ఉంది. వెళ్లమంటారా? వెళ్తే ఈఎంఐలో కొత్త ల్యాప్‌టాప్ తీసుకోవాలా?

జవాబు: వెళ్లండి. ల్యాప్‌టాప్ మాత్రం వద్దు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

మీ నెల సంపాదన 100 అనుకుందాం. స్టైపెండ్ 80, చేతిలో ఉన్నది 200. ఇప్పుడు మీ నెల ఖర్చు 35, అక్కడ గది అద్దె 30, తిండికీ తిరుగుడుకీ మరో 35, గదికి అడ్వాన్స్ 60 (ఖాళీ చేశాక తిరిగొస్తుంది కాబట్టి ఖర్చులో కలపను), రానూపోనూ ప్రయాణం 30 అని పెట్టుకుంటున్నాను. మీ అంకెలు వేరైతే మార్చుకోండి, పద్ధతి మారదు.

మూడు నెలలు ఇక్కడే ఉంటే నెలకు 65 చొప్పున 195 మిగులుతుంది. అక్కడికి వెళ్తే స్టైపెండ్ 240 వస్తుంది, ఖర్చు 225 అవుతుంది. మిగిలేది 15. అంటే ఈ ఇంటర్న్‌షిప్‌కు మీరు కడుతున్న ఫీజు 180. కంపెనీ మీకు డబ్బిస్తున్నా సరే, అసలు లెక్క ఇది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. 12 వారాలంటే 84 రోజులు, నిండా మూడు నెలలు కాదు. రోజుల లెక్కన ఇస్తే 240కి బదులు 221 వస్తుంది. ఇంటి యజమాని మాత్రం మూడు నెలల అద్దే తీసుకుంటాడు. ఇక 80 అన్నది పన్ను కోయకముందో, కోశాకో మీరు రాయలేదు. పదోవంతు కోసినా మొత్తం 200 దగ్గరకు దిగుతుంది. అప్పుడు మిగలడం మాట అటుంచి 25 ఎదురు పెట్టుకోవాలి, ఫీజు 220 అవుతుంది. కాబట్టి హెచ్ఆర్‌ను ‘స్టైపెండ్ ఎంత?’ అని అడగొద్దు. మొత్తం మీద నా ఖాతాలో పడేదెంత, మొదటిసారి ఏ తేదీన పడుతుంది అని అడగండి.

ఆ తేదీయే ముఖ్యం. ఇంటర్న్‌లు చిక్కుల్లో పడేది చాలావరకు స్టైపెండ్ చాలక కాదు, అది వచ్చేలోపే. చేరే వారంలోనే ప్రయాణానికి 15, అడ్వాన్స్‌కు 60, మొదటి నెల అద్దెకు 30 పోతాయి. ఆ నెల తిండీ తిరుగుడూ కలిపితే 140. మీరు చేరేనాటికి ఆ నెల జీతాల పట్టిక మూసేసి ఉంటే స్టైపెండ్ తర్వాతి నెలకు వెళ్తుంది, ఈలోపు రెండో నెల అద్దె వచ్చి కూర్చుంటుంది. 200లో 170 అయిపోయింది. మిగిలిన 30లోంచి ల్యాప్‌టాప్ ఈఎంఐ కట్టగలరా?

అసలు ల్యాప్‌టాప్ అవసరమే లేదు. పెద్ద కంపెనీలు సాధారణంగా పనికి తమ మెషీన్ తామే ఇస్తాయి, సొంత మెషీన్‌లో కంపెనీ ఫైళ్లు చాలాచోట్ల తెరవనివ్వరు కూడా. మీ సొంత సాధనకు ఇప్పుడున్నది చాలు. ఒకప్పుడు స్కెచ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం మ్యాక్ కొనాల్సి వచ్చేది, 2016లో ఫిగ్మా అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్ వచ్చాక బ్రౌజర్ తెరుచుకుంటే పని నడుస్తోంది. చేరే ముందు కొత్త వస్తువు కొనాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. కంపెనీ రీలొకేషన్ డబ్బు, అంటే ఊరు మారడానికయ్యే ఖర్చు, ఇస్తుందేమో అడగండి. చేరకముందే ఇస్తారా, బిల్లులు పెట్టాక ఇస్తారా అన్నదీ తేల్చుకోండి. బిల్లుల తర్వాత వచ్చే డబ్బుతో అడ్వాన్స్ కట్టలేరు.

180 నుంచి 220 పెట్టి మీరు కొంటున్నదేమిటి? ఫ్రీలాన్సర్‌గా మీకు దొరకనిది: అసలు యూజర్ల ముందు కూర్చుని పరీక్షించడం, వేలాది స్క్రీన్లను నడిపే డిజైన్ సిస్టమ్‌లో (అన్ని స్క్రీన్లకూ ఉమ్మడిగా వాడే బటన్లు, రంగులు, నియమాల సముదాయం) పనిచేయడం, సీనియర్లు మీ పనిని ముక్కముక్కలుగా విడదీసి చూడటం, ఇంజినీర్ ‘ఇది కుదరదు’ అంటే దారి వెతకడం. వీటి విలువ నిజమే. అయితే దాన్ని డబ్బుగా మార్చేది మీ పోర్ట్‌ఫోలియో, దానికి తాళం వేసేది మీరు సంతకం పెట్టే ఎన్‌డీఏ, అంటే కంపెనీ విషయాలు బయటపెట్టనన్న ఒప్పందం. విడుదల కాని ఉత్పత్తి మీద 12 వారాలూ పనిచేస్తే బయట చూపడానికి ఒక్క స్క్రీన్ కూడా ఉండకపోవచ్చు. ఏది చూపవచ్చు, ఎప్పటి నుంచి చూపవచ్చు అన్నది పదో వారంలోపే మేనేజర్‌ను అడిగి మెయిల్‌లో తీసుకోండి. ఫైళ్లు మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు.

తర్వాత ఉద్యోగం ఇస్తారన్న ఆశను లెక్కలో సున్నాగానే వేయండి. మీ రంగంలో పేరున్న నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లో రాసిన మాట మీకు తెలిసే ఉంటుంది: ఒక డిజైన్‌ను ఐదుగురు యూజర్లతో పరీక్షిస్తే దాని వాడకంలోని 85 శాతం లోపాలు బయటపడతాయని. ఆ లెక్క ఇక్కడ అతకదు గానీ, ఆ టీమ్‌లో పాత ఇంటర్న్‌లు ఐదుగురిని పట్టుకుని మాట్లాడితే వాళ్లలో ఎందరిని ఉంచుకున్నారో, ఆ కబురు ఏ వారంలో చెప్పారో తెలుస్తుంది.

ఉద్యోగం రాకపోయినా మీరు మునగరు. అన్నీ ఎదురు తిరిగినా ఇల్లు చేరేసరికి, అడ్వాన్స్ ఇంకా చేతికి రాకముందే, 115 ఉంటుంది. ఇంటి దగ్గర నెలకు 35 చొప్పున మూడు నెలలు గడుస్తుంది. వెళ్లమని ధైర్యంగా చెప్పింది ఈ అంకెను చూసే. మీ చేతిలో ఒక్క నెల సంపాదనే ఉండుంటే నా జవాబు వేరేగా ఉండేది.

ఆ మూడు నెలల్లో క్లయింట్లు తిరిగి రావాలి. ఇంటర్న్‌షిప్ సాగుతుండగా బయటి పని చేయకూడదని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది, మీరు చేసిన డిజైన్ మీద హక్కు కూడా కంపెనీదే అని ఉంటుంది. రహస్యంగా ఒక ప్రాజెక్టు నెట్టుకొద్దామనుకోవద్దు. బయల్దేరే ముందే ప్రతి క్లయింట్‌కూ మళ్లీ ఏ తేదీ నుంచి అందుబాటులో ఉంటారో రాయండి. చివరి పనిదినం మర్నాడే ఆ తేదీ పెట్టకుండా ఓ వారం వదిలి పెట్టండి.