బీచ్ పక్కన వ్యాన్: బ్రిస్బేన్ వెళ్తున్న మన పిల్లలకు

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఈసారి సెలవులకు చెన్నైలో అమ్మ దగ్గరికి వచ్చాను. నిన్న సాయంత్రం ఎలియట్స్ బీచ్‌లో సుండల్ తింటూ, త్వరలో అక్కడికి వెళ్ళబోతున్న మా అక్క కూతురు అడిగింది: "పిన్నీ, జులైలో మాకు పది రోజులు ఖాళీ. లోపలే పడుకునే వీలున్న వ్యాన్ అద్దెకు తీసుకుని సముద్రం పక్కనే, ఉత్తరాన ఉన్న కెయిర్న్స్ నగరం దాకా వెళ్ళి రావచ్చా?" కొత్తగా వచ్చే మనవాళ్ళు చాలామంది అడిగేదే ఇది.

వెళ్ళండి, కానీ అలా కాదు. బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్ దాదాపు 1,700 కిలోమీటర్లు. అంటే చెన్నై నుంచి విశాఖ వెళ్ళి తిరిగొచ్చినంత, అదీ ఒకవైపే. మొదటిసారి మేమూ అలాగే బయల్దేరాం. పగలంతా డ్రైవింగు, చీకటి పడ్డాక ఎక్కడ ఆపాలా అని టెన్షన్. మూడో రాత్రి ఓ ఊళ్ళో బీచ్ రోడ్డు మీదే పడుకున్నాం. కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) అతను వచ్చి తలుపు కొట్టి జరిమానా రాశాడు. మావాడు భయపడి ఏడ్చాడు. సముద్రం ఎదురుగా ఉంది కదా అని వ్యాన్‌లో నిద్రపోనివ్వరు. క్యాంపింగ్ గ్రౌండ్‌లో చోటు ముందే బుక్ చేసుకోవాలి.

రెండోసారి కెయిర్న్స్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ వ్యాన్ తీసుకుని, దక్షిణంగా మిషన్ బీచ్‌లో ఆరు రోజులు కదలకుండా ఉన్నాం. జులై అక్కడ చలికాలమే అయినా పగలు హాయిగా వెచ్చగా ఉంటుంది. మన మెరీనాలోలాగే సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. వెనక తలుపు తెరిచి, కాళ్ళు వేలాడేసుకుని, ఎదురుగా డంక్ దీవిని చూస్తూ ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళం. మొదటి రెండు రోజులూ ఏదో చేయాలన్న ఆరాటం వదల్లేదు. మూడో రోజు మావారు ఫోన్ చార్జింగ్ పెట్టడం మర్చిపోయారు. నాకు అసలైన సెలవు అప్పుడే మొదలైందనిపించింది.

వంట సంగతి చెప్తాను. లోపల పోపు పెడితే ఆ వాసన దుప్పట్లను వదలదు, బయటే పెట్టుకోండి. తలుపులు మూసి లోపల గ్యాస్ వెలిగించడం ప్రాణాలకే ముప్పు. పార్కుల్లో ఉచితంగా వాడుకునే కరెంటు బార్బెక్యూలు ఉంటాయి. వాటి మీద అందరూ మాంసం కాలుస్తారు, శాకాహారులు పెనం పట్టుకెళ్ళాలి. ట్యాంకులో నీళ్ళు తక్కువ, బియ్యం కడిగిన నీళ్ళతోనే గిన్నెలు తొలిచేదాన్ని.

సముద్రం విషయంలో మాత్రం అజాగ్రత్త వద్దు. కెయిర్న్స్, మిషన్ బీచ్ ఉన్న ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో నవంబరు నుంచి మే దాకా ప్రాణాంతకమైన జెల్లీఫిష్‌లు ఎక్కువ. మిగతా నెలల్లోనూ పూర్తిగా లేవనుకోకండి. కుడితే వెంటనే వెనిగర్ పోసి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. బీచ్ దగ్గర స్తంభాలకు సీసాలు కట్టి ఉంచేది అందుకే. వాగులు సముద్రంలో కలిసేచోట మొసళ్ళుంటాయి, పిల్లల్ని అటు పోనివ్వకండి. లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగండి. నీటి ప్రవాహం సముద్రం లోపలికి లాగితే ఎదురు ఈదకుండా తేలుతూ చెయ్యెత్తండి.

అమ్మాయికి ఇదంతా చెప్పాక కెయిర్న్స్ టికెట్లు వెతకడం మొదలుపెట్టింది. ఇత్తడి ఫిల్టర్ మాత్రం అమ్మమ్మ ఇంట్లోదే పట్టుకెళ్ళమన్నాను.