కొత్త చైన్ వేసినా గేరు జారుతోంది, ఆయిల్ పోసినా బ్రేకు పట్టడం లేదు: అబ్బాయిని ఐటీఐలో చేర్పించాలా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. ముప్పై ఏళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్నాను. మావాడు ఇంటర్ పాసై షాపులోనే కూర్చుంటున్నాడు. గేరు సైకిళ్ల పనంటే ఇష్టం. ఈ నెలలో వాడు చేసిన రెండు సైకిళ్లు వెనక్కి వచ్చాయి. 7 గేర్ల దానికి కొత్త చైన్ వేశాక గట్టిగా తొక్కితే జారుతోంది. ఇంకోదానికి షిమానో కంపెనీ డిస్క్ బ్రేకు మెత్తబడిందని బైకు షాపు నుంచి బ్రేక్ ఆయిల్ తెచ్చి పోశాడు. నాలుగు రోజులు బాగానే పట్టింది, ఇప్పుడు నొక్కిన లివర్ తిరిగి రావడం లేదు. వాడిని ఐటీఐలో చేర్పించాలా, హైదరాబాదు పంపాలా?

జవాబు: ఆ రెండు సైకిళ్లు ఎందుకు వెనక్కి వచ్చాయో ముందు చూద్దాం. ఎక్కడికి పంపాలో అందులోనే తేలిపోతుంది.

మొదటిదాంట్లో చైన్ తప్పేమీ లేదు. పాత చైన్ సాగుతూ సాగుతూ వెనక పళ్లను తనకు తగ్గట్టు అరగదీసింది. కొత్త చైన్ ఆ పళ్లలో కూర్చోక, బలం పడగానే ఎక్కి జారుతోంది. చైన్ విప్పేముందు ఉక్కు స్కేలు పెట్టి ఉంటే ఇది తెలిసేది. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం కాబట్టి, ఒక పిన్ను మధ్యన సున్నా పెడితే అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోయిందంటే చైన్ ఒక్కటి మార్చితే చాలు. ఎనిమిదో వంతు పోయిందంటే పళ్ల సెట్టు కూడా మార్చాల్సిందే. ఆ మాట గిరాకీకి ముందే చెప్పాలి, చైన్ వేశాక చెబితే గొడవే.

పళ్ల సెట్టు కొనేముందు ఇంకో పరీక్ష ఉంది. 7 గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఉండేది హబ్ (చక్రం నడిమి భాగం) మీద మరతో బిగే ఫ్రీవీల్, హబ్ గాళ్లలోకి జారే క్యాసెట్ కాదు. చక్రం తీసి పళ్లను వెనక్కి తిప్పండి. పనిముట్టు దూరే మధ్య గాడి పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. రెండింటికీ విప్పే పనిముట్లు వేరు.

తొక్కినప్పుడు జారడం వేరు, గేరు మారకపోవడం వేరు. మారకపోతే ముందు వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) వేలాడే హ్యాంగర్‌ను చూడాలి. సైకిల్ కుడివైపు పడితే అది వంగుతుంది. వంగిన హ్యాంగర్ మీద ఎన్ని స్క్రూలు తిప్పినా లాభం లేదు. అది సరిచేశాకే లిమిట్ స్క్రూలు (డిరైలర్ హద్దు దాటకుండా ఆపేవి), ఆఖర్న కేబుల్ బిగువు, అదీ పావు చుట్టు చొప్పున. చైన్ పెద్ద పళ్లకు ఎక్కకపోతే బిగువు తక్కువని అర్థం. చిన్న పళ్లకు దిగకపోతే బిగువు ఎక్కువైనా అయ్యుండాలి, ఔటర్‌లో (కేబుల్ మీది తొడుగులో) తుప్పయినా పట్టి ఉండాలి. పల్లె షాపుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు, గేరు కేబుల్‌కు బ్రేక్ ఔటర్ వేయడం. బ్రేక్ ఔటర్ లోపల తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగినప్పుడు కాస్త నొక్కుకుపోతుంది. ఆ కాస్తకే గేరు లెక్క తప్పుతుంది. గేరుకు 1.2 ఎంఎం తీగ, నిలువు తీగలున్న 4 ఎంఎం ఔటర్ వాడాలి.

రెండోదే అసలు ప్రమాదం. షిమానో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. బైకులకు వాడేది డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం ద్రవం. మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్లు డాట్ తగిలితే ఉబ్బి పిస్టన్‌ను పట్టేస్తాయి. లివర్ తిరిగి రాకపోవడానికి కారణం అదే. ఇప్పుడు కడిగి మళ్లీ ఆయిల్ పోసినా ఆ సీళ్లను నమ్మలేం. స్రామ్ అనే ఇంకో కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్, కొన్ని కొత్త మోడళ్లకు మినరల్. కంపెనీ పేరు చూసి ఊహించకుండా లివర్ మీదో మూత మీదో రాసింది చదవాలి.

అసలు లివర్ మెత్తబడటానికి కారణం చాలాసార్లు లోపల చేరిన గాలి. ఆ గాలి తీయడాన్నే బ్లీడింగ్ అంటారు. పద్ధతి చెబుతాను, వాడితో చేయించండి. చక్రం, ప్యాడ్లు తీసి కాలిపర్‌లో (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగంలో) ప్యాడ్ల బదులు బ్లీడ్ బ్లాక్ అనే ముక్క పెట్టాలి. లివర్ నేలకు సమాంతరంగా తిప్పి పైన గరాటు బిగించాలి. కింద కాలిపర్‌కు ఉన్న నిపుల్‌కు (ఆయిల్ వెళ్లే చిన్న మొనకు) ఆయిల్ నింపిన సిరంజి తగిలించి, పానాతో నిపుల్ తెరిచి, కింది నుంచి పైకి నెమ్మదిగా నెట్టాలి. నిపుల్ మూసి, గొట్టాన్ని తడుతూ గరాటులో బుడగలు ఆగేదాకా లివర్ నొక్కుతూ వదులుతూ ఉండాలి. ప్యాడ్లు తీయకుండా చేస్తే వాటికి ఆయిల్ అంటుతుంది. అలా తడిసిన ప్యాడ్లు ఎంత రుద్దినా పనికిరావు, కీచుమంటూనే ఉంటాయి. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవవచ్చు. షిమానో డిస్కు 1.5 ఎంఎంకు అరిగితే మార్చాల్సిందే. కొత్త ప్యాడ్లు వేశాక ఒక మోస్తరు వేగం నుంచి ఇరవైసార్లు బ్రేకు వేసి అలవాటు చేయనిదే సైకిల్ బయటకు పంపకూడదు.

ఇక చదువు సంగతి. ఐటీఐ ఫిట్టర్ రెండేళ్లు. వెర్నియర్, మరలు, కొలత చేతికి వస్తాయి, సర్టిఫికెట్ ఫ్యాక్టరీ ఉద్యోగానికీ పనికొస్తుంది. కానీ అక్కడ సైకిల్ బ్రేకు బ్లీడింగ్ నేర్పరు. మీవాడికి సైకిళ్ల మీదే మనసుంటే ఏడాదిపాటు హైదరాబాదులో గేరు సైకిళ్ల షాపులో హెల్పర్‌గా పెట్టడం మేలని నా అభిప్రాయం. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. డిస్క్ బ్రేకుల పని మీ ఊళ్లో నెలకు ఒకటి రెండు తగిలితే, నగరంలో రోజూ తగులుతుంది. ఆ ఒక్క పనితో తాడేపల్లిగూడెంలో ఇల్లు గడవదు, పంక్చర్లు వదలకండి.

షాపు ఎంచుకునేటప్పుడు జీతం కన్నా ముందు గోడ చూడండి. టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా), హ్యాంగర్ గేజ్ (హ్యాంగర్ వంపు చూసేది), బ్లీడ్ కిట్ వేలాడుతున్నాయా? ఆరు నెలల తర్వాతైనా హెల్పర్ చేతికి ఇస్తారా? కాలిపర్ బోల్టులు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకు బిగించాలి. దాన్ని చేతి అంచనాకు వదిలేసే షాపులో మీవాడు కొత్తగా నేర్చేదేం ఉండదు. షిమానో డీలర్ మాన్యువళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో ఉన్నా బొమ్మలుంటాయి, రోజుకు రెండు పేజీలు చదివించండి. తిరిగొచ్చి మీ షాపులోనే పెట్టుకుంటానంటే పనిముట్ల కోసం ముద్ర పథకం శిశు విభాగంలో 50,000 వరకు రుణం అడగవచ్చు.

ఈలోగా ఆ రెండో సైకిల్‌ను అలాగే తిరిగి ఇవ్వకండి. లివర్, గొట్టం, కాలిపర్ కలిసి వచ్చే కొత్త బ్రేకు సెట్టు మీ ఖర్చుతోనే వేయించండి. బిల్లు మీవాడినే రాయమనండి.